ఇంటి సామానులో అమెరికా చరిత్ర

పదిహేడవ శతాబ్దంలో ఉత్తర అమెరికా తూర్పుతీరాన ఉన్న ప్లిమత్ వలసలో గృహస్థుడెవడైనా మరణిస్తే, ఆస్తి పంపకానికి ముందు ఇరుగుపొరుగున నమ్మకస్థులైన ఇద్దరు ముగ్గురు వచ్చి, ఇల్లంతా కలయదిరిగి, ఉన్న సామానుకు పట్టిక వ్రాసి, ఒక్కొక్కదానికి వెల కట్టేవారు. మంచము, పరుపు, ఇనుపకుండ, తగరపు పళ్లెము, పాత కోటు, పాడి ఆవు, బైబిలు అన్నీ ఒకే వరుసలో వచ్చేవి. 1658లో వ్రాసిన అట్టి పట్టిక ఒకదాని చివర, మరచిపోయిన చిల్లర వస్తువులన్నిటికీ కలిపి కొన్ని షిల్లింగుల వెల కట్టి, వ్రాసినవారు తమ పని ముగించినారు. ఆ చిల్లర వస్తువులేవో వారు చెప్పలేదు. చెప్పదగినంత విలువ గలవిగా వారికి తోచలేదు. మూడువందల ఏండ్లు గడచిన పిమ్మట, జేమ్స్ డీట్జ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1977లో ప్రకటించిన తన గ్రంథానికి ఆ చివరి పద్దునుండే పేరు తీసుకొన్నారు. పట్టిక వ్రాసినవారు వదలివేసినచోటనే చరిత్రకారుడు తన పని మొదలుపెట్టవలెనని ఆయన వాదము.

అమెరికావంటి దేశానికి ఇట్టి వాదము ఎందుకు అవసరమైనదో ఆలోచింపదగినది. ఆ దేశ చరిత్రకు వ్రాతల కొరత లేదు. శాసనసభల నివేదికలు, మతాచార్యుల ప్రసంగాలు, వర్తకుల జమాఖర్చులు, దినచర్యలు, ఉత్తరాలు గుట్టలుగా ఉన్నవి. మన దేశంలో దామోదర ధర్మానంద కోశాంబి 1956లో భారతచరిత్ర అధ్యయనానికి పరిచయగ్రంథము వ్రాసినప్పుడు, తేదీలతో కూడిన వ్రాతలు చాలనందున నాణెములను తూచి, పొలాల గట్లమీది రాతి పనిముట్లను ఏరి, గ్రామదేవతల గుళ్లచుట్టూ తిరిగి ఆధారాలు కూర్చుకొనవలసి వచ్చినది. అమెరికాలో ఇబ్బంది వేరు. అక్కడ వ్రాతలు విస్తారము. కాని అవి ఎవరు వ్రాసినవి? అక్షరాస్యులు, ఆస్తిపరులు, అందులోను ఎక్కువగా తెల్లజాతి పురుషులు. ఆదివాసులను గురించి వలసవారు వ్రాసినారు, బానిసలను గురించి యజమానులు వ్రాసినారు, భార్యలను గురించి భర్తలు వ్రాసినారు. అవతలి పక్షము చెప్పుకొన్నది కాగితముమీద బహుస్వల్పము. ఆ స్వల్పానికి తోడుగా మట్టిలోను అటకమీదను మిగిలిన కుండపెంకు, బట్టపేలిక, చెక్కపెట్టె సాక్ష్యానికి వచ్చినవి.

మొదట ఈ వస్తువులను పోగుచేసినవారు చరిత్రకారులు కారు, ధనవంతులు. హెన్రీ ఫోర్డు 1929లో డియర్‌బర్న్‌లో ఒక పల్లెనే నిర్మించి, పాత నాగళ్లు, దీపాలు, పొయ్యిలు, బండ్లు అందులో చేర్చినాడు. ఆయన కర్మాగారపు కార్లు ఏ పల్లెజీవితాన్ని చెదరగొట్టినవో ఆ జీవితపు అవశేషాలను ఆయనే దాచిపెట్టినాడనుట చిత్రమే. డెలవేరులో హెన్రీ ఫ్రాన్సిస్ డ్యూపాంట్ తన వింటర్‌థర్ భవనాన్ని 1951లో ప్రదర్శనశాలగా తెరచినాడు; మరుసటి ఏడే అక్కడ విశ్వవిద్యాలయముతో కలిసి ప్రాచీన అమెరికా సంస్కృతిలో ఉన్నతవిద్యాబోధన ఆరంభమైనది. రాక్‌ఫెల్లరు ధనముతో 1926 నుండి పునర్నిర్మించిన వర్జీనియాలోని విలియమ్స్‌బర్గు పట్టణము ఇంకొక ఉదాహరణము. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆ పట్టణ జనాభాలో సుమారు సగము నల్లవారు, వారిలో దాదాపు అందరూ బానిసలు. అయినను చాలాకాలము అక్కడి చక్కని తోటలలో, మెరుగుపెట్టిన బల్లలమధ్య వారి జాడ కనిపించేది కాదు. ఆ జీవితాన్ని చూపే ప్రయత్నము గట్టిగా మొదలైనది 1979లో. అందమైన వస్తువే నిలిచి ఉంటుంది, మోటువస్తువు అరిగి విరిగి పోతుంది. సేకరించేవాని కన్ను కూడ అందమైనదానిమీదనే నిలుస్తుంది. వస్తువులనుండి వ్రాసే చరిత్రకు ఆదిలోనే ఉన్న లోపమిది.

శాస్త్రీయమైన పద్ధతి కోసము వెదకినవారిలో యేల్ విశ్వవిద్యాలయపు జూల్స్ ప్రౌన్ ముఖ్యులు. వస్తువును ముందు ఉన్నదున్నట్లు వర్ణించవలెను, తరువాత దానిని వాడిన చేతికి కంటికి ఏమి అనుభవమయ్యేదో ఊహించవలెను, ఆ మీదనే సిద్ధాంతము చేయవలెనని 1982లో ఆయన ఒక క్రమము చెప్పినారు. చూచుటకు ముందే అర్థము చెప్పే తొందరను అరికట్టుటకు ఈ నియమము పనికివచ్చినది.

డీట్జ్ విషయానికి వస్తే, ఆయనకు పేరు తెచ్చినవి సమాధిశిలలు. ఎడ్విన్ డెత్‌లెఫ్‌సన్‌తో కలిసి 1960 దశకంలో ఆయన మసాచుసెట్సు శ్మశానవాటికలలో తిరిగినారు. శిలలమీద తేదీ ఉంటుంది, బొమ్మ ఉంటుంది. ఏ బొమ్మ ఏ ఏట మొదలై ఏ ఏట మాసిపోయినదో లెక్కకట్టవచ్చు. పదిహేడవ శతాబ్దాంతపు శిలలమీద రెక్కలుగల కపాలము పండ్లు బయటపెట్టి చూస్తుంటుంది. పద్దెనిమిదవ శతాబ్దము నడచినకొద్దీ ఆ ముఖానికి మాంసము వచ్చినది, పండ్లు మరుగైనవి, రెక్కల నడుమ దేవశిశువు ముఖము వెలిసినది. 1800 ప్రాంతానికి ముఖమే పోయి, భస్మకలశమూ దానిమీదికి వంగిన విల్లో చెట్టూ వచ్చినవి. పాపభీతితో వణకిన ప్యూరిటను మతము సడలి, పునరుత్థానముమీద ఆశ పెరిగి, చివరకు మృతుని ఆత్మకంటె బ్రతికినవారి దుఃఖము ప్రధానమైనదని ఆ ఇద్దరూ దీనికి అర్థము చెప్పినారు. శిల్పులు తమ మతవిశ్వాసమునే చెక్కినారా, వాడుకలో ఉన్న నమూనానే చెక్కినారా అని ఆక్షేపించినవారు ఉన్నారు. ఆక్షేపణ సబబైనదే. అయినా ఏ ప్రసంగపాఠములోను దొరకని ఒక మార్పు, సామాన్య కుటుంబాలు డబ్బిచ్చి చెక్కించుకొన్న పలకలమీద, ఏటికేడు కనిపించుట చిన్న సంగతి కాదు.

ఇంకా చిన్న వస్తువు మట్టి పైపు. పొగాకు త్రాగే ఈ తెల్లమట్టి గొట్టాలు చవుక, సులభముగా విరుగుతవి, విరిగితే అక్కడే పారవేస్తారు. అందువలన వలసకాలపు ఇంటి జాగాలను ఎక్కడ త్రవ్వినా వీని ముక్కలు దొరుకుతవి. 1954లో హారింగ్టన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈ గొట్టాల రంధ్రాలను కొలిచి ఒక విశేషము కనిపెట్టినారు. 1600 ప్రాంతమున రంధ్రము అంగుళములో 64వ వంతులు తొమ్మిది ఉండగా, 1750 తరువాత అది నాలుగుకు తగ్గినది. గొట్టము పొడుగవుతూ వచ్చినకొద్దీ రంధ్రము సన్నబడినది. అది మొదలు ముక్కల గుప్పెడు చేతికి వస్తే చాలు, ఆ ఇంట మనుషులున్న కాలము ఇంచుమించుగా తెలుసుకొను వీలు కలిగినది. కాలము తెలియుట మొదటి మెట్టు మాత్రమే. ఆ ఇంట ఉన్నవారెవరు?

ఈ ప్రశ్నకు జవాబుగా ఒక బీరువాను చెప్పుకోవచ్చు. మసాచుసెట్సులో హాడ్లీ అనే గ్రామములో 1684లో పుట్టిన హన్నా బర్నార్డ్ అనే స్త్రీకి ఆ బీరువా చెందినది. ఇప్పుడది డియర్‌బర్న్‌లోని ఫోర్డు ప్రదర్శనశాలలో ఉన్నది. తీగెలు, పూలు, హృదయాకృతులు రంగులతో చిత్రించిన దాని ముఖభాగముమీద, దూరమునుండి చదువదగిన పెద్ద అక్షరాలలో హన్నా బర్నార్డ్ అని ఆమె పేరు ఉన్నది. ఆమె 1715లో జాన్ మార్ష్‌ను పెండ్లాడి, 1717లో బిడ్డను కని మరణించినది. ఆమె వ్రాసిన ఉత్తరము గాని దినచర్య గాని వెలుగులోనికి రాలేదు. ఈ బీరువాను గురించి లారెల్ థాచర్ ఉల్‌రిచ్ అనే చరిత్రకారిణి 2001లో ప్రకటించిన గ్రంథములో ఒక అధ్యాయమే వ్రాసినారు.

అప్పటి ఆంగ్లన్యాయము ప్రకారము వివాహముతో స్త్రీకి వేరు ఆస్తి ఉండదు. ఆమె తెచ్చిన కదిలే సామానంతా భర్తదే. భూమి సాధారణముగా కుమారులకు పోయేది. కుమార్తెలకు పెట్టెలు, దుప్పట్లు, పాత్రలు. పెండ్లితో ఇంటిపేరు కూడ మారుతుంది. మరి మారిపోయే పేరును చెరగని రంగుతో ఇంత పెద్దదిగా ఎందుకు వ్రాయించినట్లు? ఉల్‌రిచ్ ఆ వస్తువు పోయిన త్రోవను వెదకినారు. అది హన్నా కుమార్తె అబిగేలుకు చేరినది. అబిగేలు హేస్టింగ్సు వంశములో మెట్టి, తన కుమార్తె ఒకతెకు హన్నా బర్నార్డ్ హేస్టింగ్సు అని పేరు పెట్టినది. తల్లి పుట్టింటి ఇంటిపేరు న్యాయశాస్త్రములో లుప్తమై, బీరువా తలుపుమీద నిలిచి, మనుమరాలి పేరులోనికి నడచివచ్చినది. స్త్రీల వంశక్రమము స్థావరాస్తితోకాక జంగమాస్తితో సాగినదని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన పత్రము ఎక్కడ దొరుకుతుంది?

అదే గ్రంథములో రోడ్ ఐలండు చరిత్రపరిషత్తు దాచిన చిన్న బుట్ట ఒకటి వస్తుంది. 1676లో యుద్ధసమయమున ఆదివాసిస్త్రీ ఒకతె ఒక వలసవారి ఇంట పాలు త్రాగి, బదులుగా ఆ బుట్టను అల్లి ఇచ్చినదని వాడుక. బుట్ట అల్లికను, నారను పరిశీలించి ఆ కథలో నిలిచేదెంతో ఉల్‌రిచ్ బేరీజు వేసినారు. ఉపకారము, కృతజ్ఞత అనే తీయని కథ వెనుక, భూమి పోగొట్టుకొంటున్న జాతి ఒకటి ఉన్నదని ఆమె మరువనీయరు.

వస్తువులకు కథలు కల్పించి వాడుకొనుట అమెరికా ప్రజలకు క్రొత్త కాదు. అందులో రాట్నము కథ భారతీయ పాఠకులకు విశేషముగా ఆసక్తి కలిగించగలదు. బంగాళమున 1905లో స్వదేశీ ఉద్యమము చెలరేగుటకు నూటముప్పదియేండ్లకు పైగా ముందే, బ్రిటిషు పన్నులను ప్రతిఘటిస్తూ అమెరికా వలసలు బ్రిటిషు సరుకును బహిష్కరించినవి. 1766 మొదలు 1770 వరకు న్యూ ఇంగ్లండు గ్రామాలలో స్త్రీలు రాట్నాలతో మతాచార్యుని ఇంట గుమికూడి పొద్దుగూకువరకు నూలు వడికేవారు. పత్రికలు వారిని దేశభక్తులని కొనియాడేవి. 1789లో జార్జి వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడుగా ప్రమాణము చేసినప్పుడు కనెక్టికట్ రాష్ట్రములో నేసిన గోధుమరంగు బట్టతో కుట్టిన దుస్తులు ధరించినాడు. ఇట్టి పోలికలు చూచి ఖద్దరుకు అన్న దొరికినాడని సంబరపడవచ్చును గాని, ఉల్‌రిచ్ పరిశోధన కొంచెము నెమ్మదింపుమంటుంది. ఆ స్త్రీలు వడికిన నూలు చాలావరకు మతాచార్యునికే కానుకగా పోయినది. వారిలో చాలమందిని కూర్చినది రాజకీయముకంటె భక్తి. అంతేకాదు, పట్టికలు లెక్కించి చూస్తే న్యూ ఇంగ్లండు ఇండ్లలో రాట్నాలు పెరిగిన దశాబ్దాలలోనే విదేశపు టీకప్పులు, అంగడిబట్టలు కూడ పెరిగినవి. స్వయంపోషకమైన పల్లెటూరు అని తరువాతివారు తలపోసినది ఏనాడూ లేదు.

ఆ తలపోతకు 1851లో హోరేస్ బుష్‌నెల్ అనే మతాచార్యుడు కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డులో ఇచ్చిన ఉపన్యాసము రూపమిచ్చినది. ఇంటినూలు యుగము అని ఆయన గడచిన కాలానికి పేరు పెట్టినాడు. తల్లులు వడికినారు, కుమార్తెలు నేసినారు, కష్టమూ శీలమూ ఆ బట్టలో పడుగుపేకలైనవని దాని సారాంశము. ఆయన ఆ మాటలనే వేళకు న్యూ ఇంగ్లండు మిల్లులలో తిరుగుతున్న కదుళ్లకు దూది దక్షిణాదినుండి, బానిసల చేతులమీదుగా వస్తున్నది. రోడ్ ఐలండు మిల్లులు కొన్ని మరొక మోటుబట్టను నేసి దక్షిణాదికే పంపేవి. దాని పేరే నీగ్రో బట్ట. సంవత్సరానికి ఇంతని బానిసలకు కొలిచి ఇచ్చేది అది. వెనుక, 1740లో, దక్షిణ కెరొలీనా శాసనము బానిస ఏయే రకాల మోటుబట్టలు కట్టవచ్చునో పేరుపేరున నిర్ణయించి, అంతకంటె మేలైనవి కట్టరాదన్నది. చర్మము రంగుతో ఊరక, తొడిగిన బట్టతో కూడ మనిషి స్థానము తెలియవలెనని ఆ శాసనకర్తల ఉద్దేశము. ఉత్తరాదివారు తమ చేతులకు మరక అంటలేదని అనుకొనేవారు. గరుకుగా నేసిన ఆ బట్ట తానులు అమ్ముడైన లెక్కలు వేరే చెబుతున్నవి.

తూర్పుతీరపు తెలుగుదేశానికి కూడ ఈ వస్తువుల కథలో చోటున్నది. మచిలీపట్నము మొదలైన కోరమండల రేవులనుండి రంగులద్దిన, కలముతో వ్రాసిన నూలుబట్టలు లండనుకు, అక్కడనుండి అమెరికా వలసలకు వెళ్లేవి. హిందీలోని ఛీంట్ అనే మాట ఆంగ్లములో చింట్జ్ అయినది. బాంధ్నూ బండానా అయి, చివరకు అమెరికా పశువులకాపరి మెడకు చుట్టుకొన్నది. పలంగ్‌పోష్ పలంపోరు అయి బోస్టను పడకగదులలో పరచుకొన్నది. 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కళాశాలకు, పూర్వము మద్రాసు కోటకు గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ పుస్తకాలతోపాటు తొమ్మిది మూటల సరుకు పంపినాడు. ఆ బట్టలు అమ్మగా 560 పౌనులకు పైగా వచ్చినది. కళాశాలకు ఆతని పేరే పెట్టినారు. ప్రౌన్ తన పద్ధతిని బోధించిన విశ్వవిద్యాలయము పేరు వెనుక ఇట్లు మన దేశపు బట్టల మూట ఒకటి ఉన్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప అమెరికా నావలు నేరుగా రాసాగినవి. యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ 1784లోనే పుదుచ్చేరి చేరినది. సేలమ్ రేవులో ఆశాంతరీపమునుగాని హార్న్ అంతరీపమునుగాని చుట్టివచ్చిన నావికులు 1799లో ఒక సంఘము కట్టి, తాము తెచ్చిన వింతవస్తువులతో ప్రదర్శనశాల నెలకొల్పినారు. బదులుగా అమెరికా పంపినవానిలో మంచుగడ్డ ఒకటి. ఫ్రెడరిక్ ట్యూడరు 1833లో బోస్టనునుండి ఓడలో రంపపుపొట్టు కప్పి పంపిన 180 టన్నుల మంచులో సుమారు 100 టన్నులు కరగక కలకత్తా చేరినది. మద్రాసు సముద్రతీరాన 1897లో వివేకానందస్వామి బసచేసిన ఐస్‌హౌసు ఆ వ్యాపారానికి కట్టిన గిడ్డంగే.

తిరిగి బానిసల నివాసాలకు పోదము. వర్జీనియా, కెరొలీనాలలో త్రవ్వకాలు జరిపినవారికి మెరుగులేని, చక్రము ఎరుగని, తక్కువ వేడిమిలో కాల్చిన మోటుకుండల పెంకులు పుష్కలముగా దొరికేవి. విలియమ్స్‌బర్గులో పనిచేసిన ఐవర్ నోయెల్ హ్యూమ్ 1962లో వీనికి కొలొనో-ఇండియను పాత్రలని పేరు పెట్టినారు. ఇండియను అనగా ఇక్కడ అమెరికా ఆదివాసి. కొలంబసు పొరపాటు అయిదువందల ఏండ్లుగా ఇట్టి పేర్లలో నిలిచియున్నది. ఆదివాసులు చేసి వలసవారి బానిసలకు అమ్మినారని ఆయన ఊహ. నల్లవారు స్వయముగా చేసి ఉందురన్న ఆలోచన అప్పటికి పండితులకు తట్టలేదు. దక్షిణ కెరొలీనాలో లీలండ్ ఫెర్గుసన్ 1970 దశకము చివరినుండి ఆ ఆలోచన చేసినారు. తోటల బానిసవాడలలో, ఆదివాసులు చాలవరకు లేకుండా పోయిన కాలములో కూడ, ఈ కుండలు విస్తారముగా ఉండుట ఆయన గమనించినారు. చిన్న గిన్నెలు, ఉడకబెట్టే కుండలు ఎక్కువ, పళ్లేలు తక్కువ. పశ్చిమ ఆఫ్రికాలో ముద్దగా వండిన ధాన్యానికి ప్రక్కన గిన్నెలో పులుసు పెట్టుకొని చేతితో తినుట పరిపాటి. సంకటి, పులుసు ఎరిగిన తెలుగువారికి ఈ గిన్నెల లెక్క వివరించవలసిన పని లేదు. కొన్ని గిన్నెల అడుగున గీసిన శిలువవంటి గుర్తు ఉన్నది. అట్టివి నదుల నీటి అడుగున కూడ దొరికినవి. కొంగో ప్రాంతపు బకొంగో ప్రజలకు అదే గుర్తు బ్రతికినవారి లోకానికీ, నీటిక్రింది మృతుల లోకానికీ సరిహద్దు. 1992 నాటి ఫెర్గుసన్ గ్రంథము తరువాత ఇండియను అనే తోక ఊడి, కొలొనో పాత్రలు అనే పేరు స్థిరపడినది. ఆదివాసులూ ఆఫ్రికావారూ ఇద్దరూ చేసినారనుట నేడు ఎక్కువమందికి సమ్మతము.

ప్లిమత్ సమీపమున పార్టింగ్ వేస్ అనేచోట 1970 దశకము నడుమ డీట్జ్ త్రవ్వించిన నాలుగు కుటుంబాల స్థలము మరింత హెచ్చరికతో చూడదగినది. స్వాతంత్ర్యయుద్ధములో సైనికుడుగా పనిచేసిన కేటో హౌ అనే నల్లవాడు, మరి మువ్వురు, తమ కుటుంబాలతో అక్కడ నివసించినారు. తెల్లవారి ఇండ్లు పదునారు అడుగుల కొలతతో కట్టినవి కాగా ఇక్కడి పునాది పన్నెండు అడుగుల కొలత. అది పశ్చిమ ఆఫ్రికా కొలత అని డీట్జ్ భావించినారు. ఎఱ్ఱమట్టి జాడీలు దొరికినవి. అవి వెస్టిండీసునుండి చింతపండు వచ్చిన జాడీలని మొదట చెప్పినారు, చక్కెర పనికి సంబంధించినవి కావచ్చునని తరువాత వాదము వచ్చినది. పన్నెండడుగుల గది ఆఫ్రికా స్మృతియా, లేక బీదవాని కొలతయా? జాడీ పుట్టింటి రుచియా, లేక చవుకగా దొరికిన పాత్రయా? పెంకు జవాబు చెప్పదు. వస్తువులను ప్రేమించే పండితులు ప్రతి గీతలోను ఆఫ్రికాను చూడగోరుట సహజము, ఎందుకనగా అంతకు ముందువారు ఎక్కడా చూడనేలేదు. కాని కోరిక ఆధారము కాజాలదు.

ఈ మౌనము నడుమ ఒక కుమ్మరి గొంతు మాత్రము స్పష్టముగా వినిపిస్తుంది. దక్షిణ కెరొలీనాలో ఎడ్జ్‌ఫీల్డు ప్రాంతమున డేవ్ అనే బానిస గట్టిరాతిమన్ను జాడీలు చేసేవాడు. 1834లో ఆ రాష్ట్రము బానిసలకు చదువు వ్రాత నేర్పుట నేరమని శాసించినది. ఆ ఏటిదే అయిన ఒక జాడీమీద డేవ్ పచ్చిమట్టిలో పుల్లతో తేదీ వేసి, రెండు పాదాల పద్యము వ్రాసినాడు. అటుపైన ఏండ్లతరబడి తన పేరు, తేదీ, అప్పుడప్పుడు పద్యము జాడీల భుజాలమీద వ్రాస్తూనే ఉన్నాడు. 1857 నాటి ఒక జాడీమీది పద్యములో తన బంధువులందరు ఎక్కడ ఉన్నారో అని తలపోసినాడు. 1859లో చేసిన మహాభాండములో 40 గాలన్లు, అనగా సుమారు 150 లీటర్లు, పట్టును. అంతటిదానిని చక్రముమీద లేపుట బలమైన చేతికి, నేర్పరియైన కంటికి మాత్రమే సాధ్యము. ఆ జాడీలలో ఉప్పువేసిన మాంసము నిలువచేసి తోటలలో బానిసలకు కొలిచి ఇచ్చేవారు. అనగా నిషిద్ధాక్షరాలు యజమానుల కోఠీలలోనే, అందరికీ కనబడేటట్లు, అరలలో నిలిచినవి. విడుదల తరువాత 1870 జనాభా లెక్కలలో ఆయన డేవిడ్ డ్రేక్ అనే పూర్తిపేరుతో కనిపిస్తాడు.

ఇరవయ్యవ శతాబ్దపు వస్తువులు లెక్కకు మిక్కిలి. ఇక్కడ వస్తువులు చాలకపోవుట కాదు, పొంగిపొరలుట చరిత్రకారుని కష్టము. సియర్సు కంపెనీ పంపిణీ చేసిన లావుపాటి సరుకుల పుస్తకము 1890 దశకమునుండి రైతు ఇంటికి టపాలో వచ్చేది. పల్లెకు అంగడిని తెచ్చిన ఆ పుస్తకము దక్షిణాది నల్లవారికి మరొక సౌకర్యము కలిగించినది: అంగడివాని అవమానము పడకుండ, తెల్లవారికిచ్చిన ధరకే సరుకు తెప్పించుకొనుట. బట్టలుదికే యంత్రము, విద్యుత్పొయ్యి, చీపురుయంత్రము గృహిణి శ్రమను తగ్గించినవని ప్రకటనలు చెప్పగా, రూత్ ష్వార్ట్‌జ్ కోవన్ 1983లో దానిని తలక్రిందులు చేసినారు. యంత్రాలు రాగా ఇంటిలోని మగవారి పని, పిల్లల పని, పనిమనిషి పని తగ్గినవి. వారానికొకసారి ఉదికే దుస్తులు రోజూ ఉదకవలెనన్న నియమము పుట్టినది. మిగిలిన పనియంతా గృహిణి ఒక్కతెమీద పడినది.

విలియం రాత్జీ చేసిన పని విన్నవారు మొదట ముక్కు మూసుకొనక తప్పదు. అరిజోనాలో టూసాన్ నగరమున 1973లో ఆయన విద్యార్థులకు చేతితొడుగులు తొడిగి, ఇండ్లముందరి చెత్తను విప్పించి, వస్తువు వస్తువూ పద్దు వేయించినారు. వారానికి ఎన్ని సీసాల బీరు త్రాగుతారని అడిగితే జనము చెప్పిన సంఖ్య ఒకటి, చెత్తలో తేలిన సీసాల సంఖ్య మరొకటి, రెండవది పెద్దది. ఆ ఏడు గొడ్డుమాంసానికి కొరత వచ్చినప్పుడు వృథాగా పారవేసిన మాంసము తగ్గవలసినది పోయి పెరిగినది, ఎందుకనగా భయపడి ఎక్కువ కొని, నిలువచేయు విధము తెలియక పారవేసినారు. తరువాత ఆయన న్యూయార్కు ఫ్రెష్ కిల్స్ వంటి మహాచెత్తదిబ్బలను తొలిపించగా, క్రుళ్లి మన్నైపోయి ఉండవలసిన వార్తాపత్రికలు దశాబ్దాల తరువాత కూడ చదువదగినట్లు బయటపడినవి. అమెరికా ప్రజలు తమనుగురించి తాము చెప్పుకొన్నదానికీ, వారు పారవేసినదానికీ నడుమ ఉన్న దూరమే ఆయన పరిశోధన. ప్లిమత్ పట్టికలోని మరచిన పద్దుకు ఇది ఆధునికరూపము.

ఉపాహారశాల బల్ల ఒకటి కూడ చెప్పుకోదగినది. ఉత్తర కెరొలీనాలో గ్రీన్స్‌బరోలోని వూల్‌వర్త్ అంగడిలో నల్లవారు దంతధావనపు బ్రష్షు కొనవచ్చు, పుస్తకము కొనవచ్చు, డబ్బు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. భోజనపు బల్లముందరి స్టూలుమీద మాత్రము కూర్చుండరాదు. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు వచ్చి ఆ స్టూళ్లమీద కూర్చుండి కాఫీ అడిగినారు. ఇవ్వలేదు; లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చినారు. ఆ జూలై 25న ఆ బల్ల అందరికీ తెరచినారు. అంగడి 1993లో మూతపడగా, బల్లలో ఒక భాగము, నాలుగు స్టూళ్లతో, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరినది. మిగిలినది ఆ కట్టడములోనే 2010లో తెరచిన ప్రదర్శనశాలలో ఉన్నది. క్రోమియపు కాళ్లు, రంగుతోలు మెత్త కలిగి, దేశమంతటా వేలకొలది అంగళ్లలో ఉండిన స్టూలే అది. దానిని తయారుచేసినవారు ఇద్దరు మనుషుల నడుమ దూరము కొలిచినది సౌకర్యము కోసమే.

చివరిగా ఒక సంచి. 2007లో టెనెసీ రాష్ట్రమున పాతసామానుల సంతలో, గుడ్డపేలికల నడుమ, చిల్లులకు అతుకులు వేసిన నూలుసంచి ఒకటి దొరికినది. దానిమీద రూత్ మిడిల్టన్ అనే స్త్రీ 1921లో రంగుదారాలతో కొన్ని పంక్తులు కుట్టినది. తన ముత్తవ్వ రోజ్, తొమ్మిదేండ్ల కూతురు ఆష్లీని దక్షిణ కెరొలీనాలో అమ్మివేసినప్పుడు, ఈ సంచిలో ఒక చినిగిన గౌను, మూడు గుప్పిళ్ల పెకాన్ గింజలు, తన జడపాయ ఒకటి పెట్టి ఇచ్చినదని, తన ప్రేమ అందులో ఎన్నడూ నిండి ఉంటుందని చెప్పినదని, తల్లీకూతుళ్లు మరల కలుసుకొనలేదని ఆ కుట్టు చెబుతున్నది. టియా మైల్స్ 2021లో ఈ సంచిమీద ఒక గ్రంథమే ప్రకటించినారు. గౌను లేదు, గింజలు లేవు, జడ లేదు; ఉన్నది బట్ట, దారము. వానితో ఆమె బానిస బాలికకు ఏడాదికి ఎంత బట్ట ఇచ్చేవారో, పెకాన్ గింజలు అప్పుడు ఎవరి భోజనపు బల్లమీద ఉండేవో, నల్లస్త్రీ తలవెంట్రుకలను యజమానులు ఎట్లు శిక్షగా గొరిగించేవారో వెదకినారు.

రోజ్, ఆష్లీ అనేవారు నిజముగా ఉన్నారా అన్న ప్రశ్నకు జవాబు వెదకుటకు పరిశోధకులు మరల పాత ఆస్తిపట్టికలనే తిరగవేయవలసి వచ్చినది. రోజ్ అనే పేరు బానిసలలో చాలమందికి ఉండేది. ఆష్లీ అనే పేరు స్త్రీలకు అరుదు. రెండు పేర్లూ కలిసి ఒక్క యజమాని ఆస్తిలో కనబడినవి. చార్లెస్టన్ వర్తకుడు రాబర్ట్ మార్టిన్ 1852లో మరణించినప్పుడు ఆతని ఆస్తికి వెల కట్టినవారు, ప్లిమత్ పొరుగువారివలెనే, ఒక్కొక్కదాని ఎదుట సంఖ్య వేస్తూ పోయినారు. ఆ పట్టికలలో బానిసల పేర్ల నడుమ రోజ్ పేరు ఉన్నది, ఆష్లీ పేరు ఉన్నది. ఇంటిపేర్లు లేవు. పేరు ప్రక్కన వయస్సుకాక డాలర్లలో వెల ఉన్నది.